ఇనుప చేతి మొక్కు

భయం లేని మనిషి ఉండడు. కానీ బాలానగర్‌లో పవర్ ప్రెస్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఆ ప్రెస్సే భయమని నలుగురికీ తెలిస్తే మాత్రం బతుకు కష్టం. క్యాంటీన్‌లో చాయ్‌తోపాటు దాన్నే నంజుకు తింటారు. అందుకే ఐలయ్య తన భయాన్ని చెమట కింద చలామణి చేసుకుంటూ వచ్చాడు.

డెబ్బై నాలుగో సంవత్సరం మాట. ఐలయ్యది నార్సింగి. ఊళ్లో రాళ్ల మధ్య ఉన్న కాస్త చెలకను తమ్ముడికి ఒప్పజెప్పి, పెళ్లాం సత్తెమ్మను వెంటబెట్టుకొని వచ్చి, ఫతేనగర్‌లో కిరాయి గదిలో ఉండేవాడు. పనిచేసేది ఒక చిన్న రేకుల ఫ్యాక్టరీలో. కిరోసిన్ స్టవ్ అడుగున ఉండే గుండ్రటి పళ్లెం ఉంటుందే, అది అతని చేతి మీదుగానే తయారయ్యేది. రేకు బిళ్ల తీసి అచ్చులో పెట్టాలి, చెయ్యి వెనక్కి తీసుకోవాలి, కాలితో పెడలు తొక్కాలి. పైనుంచి ఏనుగు కాలంత ఇనుప మొద్దు దభీమని దిగి బిళ్లను పళ్లెం చేసి మళ్లీ పైకి పోతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. చెయ్యి ముందా, కాలు ముందా అన్నదొక్కటే సంగతి.

ఆ ఎండాకాలంలో పక్క ప్రెస్ మీద ఎల్లేశానికి కాలు ముందయింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. దవాఖాన నుంచి తిరిగొచ్చాక యజమాని అతనికి స్టోర్‌లో స్టూలు వేయించి, నట్లూ బోల్టులూ ఇచ్చే పని అప్పజెప్పాడు. ఎల్లేశం గట్టివాడు. "బీడీకి రెండు వేళ్లు సాలు, మిగిలినయన్నీ లాభమే" అని తన మీద తనే జోకులేసుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఐలయ్యా నవ్వేవాడు. కానీ ఆనాటి నుంచి అచ్చులోంచి చెయ్యి బయటికొచ్చిన ప్రతిసారీ వేళ్లు లెక్క చూసుకునేవాడు.

ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. పొద్దున పనిలోకి దిగేముందు ప్రతివాడూ మిషన్‌ను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంటాడు. రోజుకు ఒక్కసారి, అంతే. ఐలయ్య మాత్రం ప్రతి బిళ్లకూ మొక్కడం మొదలుపెట్టాడు. బిళ్ల పెట్టి, చెయ్యి వెనక్కి లాక్కొని, నుదుటిదాకా ఎత్తి, "ఎల్లమ్మ తల్లీ" అని లోపలే అనుకొని, ఆ తర్వాతే పెడలు తొక్కేవాడు. ఎవరైనా చూస్తారేమోనని ఆ చేతి వెనకభాగంతో నుదురు తుడుచుకున్నట్టు చేసేవాడు. ఎండాకాలంలో ఇది చక్కగా చెల్లింది. వానాకాలంలోనూ ఎలాగో నెట్టుకొచ్చాడు. దసరా దాటి చలి మొదలైంది, స్వెట్టర్ వేసుకున్నాడు, అయినా నుదురు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పళ్లేలు తగ్గుతున్నాయని యజమాని రామ్మోహనరావు కనిపెట్టనే కనిపెట్టాడు. "ఏంది ఐలయ్యా, చెయ్యి మెల్లగైంది? పెయి బాగలేదా? చాతకాకుంటే చెప్పు, వేరేటోణ్ణి చూసుకుంట" అన్నాడు. ఐలయ్యకు నార్సింగి రాళ్లు కళ్లముందు కదిలాయి.

అదే రోజుల్లో ఫ్యాక్టరీలోకి ఇనుప చెయ్యి వచ్చింది. వచ్చిందంటే ఎక్కణ్నుంచో దిగుమతి కాలేదు. కాకినాడ వైపు నుంచి కొత్తగా చేరిన ఇంజనీరు బుల్లిబాబు షెడ్డు మూలన కూర్చొని తయారుచేశాడు. ఆయన పేరుకే బుల్లిబాబు, మనిషి గుమ్మంలో వంగి రావాల్సినంత పొడుగు. ఊడ్చే నీలమ్మను కూడా "నీలమ్మగారూ, కాస్త జరుగుతారాండీ" అంటాడు. ఆ మాటకు నీలమ్మ చీపురు కింద పడేసి మరీ నవ్వింది.

పరాయి దేశాల్లో మనిషి చేతిలా పనిచేసే యంత్రాలొచ్చాయని ఆయనెక్కడో చదివాడట. గాలి ఒత్తిడితో కదిలే సిలిండర్లు, నిలువు స్తంభం, దానికొక బాహువు, చివర పట్టకారులాంటి రెండు ఇనుప వేళ్లు బిగించాడు. దాన్ని ప్రెస్ ముందు నిలబెడితే బిళ్ల పెట్టడం, పెడలు నొక్కడం అదే చేస్తుందన్నాడు. స్టవ్‌ల కంపెనీ వాళ్లు పెద్ద ఆర్డర్ ఇచ్చేముందు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు. వాళ్లొచ్చేలోగా అది పనిచేస్తే సరే, లేకపోతే పాత ఇనుము కింద అమ్మేస్తానన్నాడు రామ్మోహనరావు.

"దీనికి పని నేర్పడానికి ప్రెస్ తెలిసినవాళ్లు ఒకరు కావాలండి" అన్నాడు బుల్లిబాబు.

ఎవరూ కదల్లేదు. ఇనుప చేతికి పని నేర్పితే తమ చేతుల పని ఊడుతుందని అందరికీ అర్థమైంది. అలాంటప్పుడు వెనకనుంచి "నేనొస్త సార్" అని వినబడింది. చూస్తే ఐలయ్య.

"అరేయ్, నీ కొలువు నువ్వే మింగుతున్నవా?" అన్నాడు ఎల్లేశం స్టోర్ కిటికీలోంచి.

"కొలువు సంగతి ఎనక సూద్దాం అన్నా. ముందు కొత్తది నేర్సుకోవాలె గద" అన్నాడు ఐలయ్య పెద్ద ఉత్సాహవంతుడిలా. ఆ ప్రెస్ ముందు నుంచి లేవడానికి దొరికిన ఒకే ఒక్క దారి అదని మాత్రం చెప్పలేదు. అది నడిస్తే తన చెయ్యి ఇక అచ్చులోకి పోనక్కర్లేదు. అందుకోసం ఏమైనా సరే నేర్చుకుంటానని ఆ నిమిషంలోనే గట్టిగా అనుకున్నాడు.

ఇనుప చేతికి మెదడు ఒక చెక్క డోలు. అడ్డంగా పడుకోబెట్టిన ఆ డోలు చిన్న మోటారుతో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాని ఒంటినిండా వరుసలు వరుసలుగా రంధ్రాలు. ఏ రంధ్రంలో చీల పెడితే, అది తిరిగొచ్చినప్పుడు తన ఎదురుగా ఉన్న మీటను నొక్కుతుంది. ఒక మీట నొక్కితే చెయ్యి ముందుకు పోతుంది, ఇంకోటి నొక్కితే వెనక్కి. పైకి, కిందికి, పట్టు, వదులు, తొక్కు, ప్రతిదానికీ మీట ఉంది. వరుస తర్వాత వరుస, పని తర్వాత పని. డోలు ఒక చుట్టు తిరిగితే ఒక పళ్లెం తయారు.

"దీన్ని ప్రోగ్రాం రాయడం అంటారండి ఐలయ్యగారూ" అన్నాడు బుల్లిబాబు.

తనను గారూ అన్నందుకు ఐలయ్య వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "నాకు రాసుడు రాదు గద సార్."

"కలంతో కాదండి, చీలలతోనే. మీ చెయ్యి ఏం చేస్తుందో ఒక్కొక్కటీ చెప్పండి, ఆ వరుసలో చీల పెట్టేద్దాం. ఒక్క మాట గుర్తుంచుకోండి. దానికి మనం చెప్పిందే తెలుసు. చెప్పనిది తెలీదు."

ఇంతేనా అనుకున్నాడు ఐలయ్య. పదేళ్లుగా చేసిన పని చెప్పలేడా? గబగబా చెప్పాడు, ఇద్దరూ చీలలు దిగ్గొట్టారు, గాలి వదిలారు. ఇనుప చెయ్యి ముందుకెళ్లింది, బిళ్ల పట్టింది, అచ్చు మీదికి తీసుకుపోయింది, అలాగే పట్టుకొని తిరిగొచ్చింది. మళ్లీ తీసుకుపోయింది, మళ్లీ తెచ్చింది. ముట్టిన బిళ్లను విడిస్తే ఒట్టు. తన సొమ్మును పక్కవాడు అడిగినట్టు బిగబట్టి కూర్చుంది.

"మా అత్తసొంటి చెయ్యి" అన్నాడు ఎల్లేశం. షెడ్డంతా గొల్లుమంది.

'వదులు' అని చెప్పడం ఐలయ్య మర్చిపోయాడు. మనిషి పట్టుకోవడం గురించి ఆలోచిస్తాడు గానీ, వదలడం గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చొని ఐలయ్య తన చేతినే చూస్తూ గొణగడం మొదలుపెట్టాడు. "ముందుకు. కిందికి. పట్టు. పైకి. ఎనక్కి..." ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏందయ్యా, ముద్ద పట్టుకొని మంత్రాలేస్తున్నవ్?" అంది సత్తెమ్మ.

"నోరు తెరువు అన్నది మర్సిన. నోటికి గూడ ఒక మీట గావాలె."

"నీ నోటికా? గది తెరుసుకునే ఉంటది, మూసేటందుకే మీట లేదు" అని ఆమె పచ్చిపులుసు పోసింది. పోస్తూ అతని చేతివంక చూసింది. కంచం మీద అది కొద్దిగా వణుకుతోంది. ఎండాకాలం నుంచి ఆమెకది తెలుసు, ఎన్నడూ అడగలేదు. "నేర్సుకో. మంచిగ నేర్సుకో" అంది మెల్లగా.

మర్నాడు ఐలయ్య పంతం పట్టాడు. ఈసారి ఒక్కటి కూడా వదిలిపెట్టకూడదు. గాలిలో ప్రెస్ ఉన్నట్టు ఊహించుకొని స్టూలు మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చెయ్యి దానంతటదే ఎలా కదిలితే అలా కదలనిచ్చి, ఆ కదలికనే నోటితో చెప్పుకుంటూ పోయాడు. "ముందుకు... కిందికి... పట్టు... పైకి... ముందుకు... కిందికి... వదులు..." బుల్లిబాబు చీల మీద చీల పెడుతున్నాడు. "...ఎనక్కి... పైకి... జర ఆగు... కిందికి... తొక్కు."

డోలు తిరిగింది. చెయ్యి బిళ్ల పట్టింది, అచ్చులో పెట్టింది, చక్కగా వదిలింది, వెనక్కి వచ్చింది. పనివాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. వెనక్కొచ్చిన చెయ్యి అక్కడ ఆగలేదు. తన రెండు వేళ్లనూ మెల్లగా స్తంభం పైదాకా, మనిషికైతే నుదురుండే చోటుదాకా ఎత్తింది. భక్తిగా ఒక్క క్షణం నిలబడింది. దించింది. అప్పుడు పెడలు నొక్కింది. దభీమని పళ్లెం తయారైంది.

రెండో బిళ్లకూ అంతే. మూడోదానికీ అంతే.

ముందు నీలమ్మకు అర్థమైంది. "ఓయమ్మో, గిది మొక్కుతున్నదే!"

"చెమట తుడుసుకుంటున్నది" అన్నాడొకడు. ఆ మాటతో అందరి కళ్లూ చలికాలం స్వెట్టర్‌లో ఉన్న ఐలయ్య మీద పడ్డాయి. నెలల తరబడి అతను దాచిపెట్టుకున్నదాన్ని ఆ ఇనుప ముక్క పట్టపగలు, నడి షెడ్డులో, బిళ్లకొకసారి ఆడి చూపిస్తోంది.

"అరేయ్, మిషన్‌కు గూడ భయం నేర్పినవ్ రా!" అని ఎవరో అరిచారు. నవ్వులతో రేకులు అదిరాయి. ఐలయ్య చెవులు వేడెక్కాయి. "అలవాటు... జర చెమట..." అని నసిగాడు.

పాపం, బుల్లిబాబు ఒక్కడే నవ్వలేదు. "ఫర్వాలేదండి. నేనే చూసుకోవాల్సింది. యంత్రానికి చెమట పట్టదు కదండీ, ఆ వరుసలు తీసేద్దాం. పని కూడా తొందరగా అవుతుంది" అన్నాడు. వాళ్లిద్దరే కూర్చొని ఆ చీలలు పీకేశారు. తర్వాతి చీలల్ని ముందుకు జరిపి, ఖాళీ లేకుండా సర్దారు. తన పరువు మళ్లీ తనకు దక్కినట్టు ఐలయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అది ఎంతోసేపు నిలవలేదు. రామ్మోహనరావును పిలిచి గాలి వదిలారు. చెయ్యి బిళ్ల పెట్టింది, వదిలింది, వెనక్కి బయల్దేరింది. ఇంకా పూర్తిగా బయటికి రానేలేదు, పెడలు నొక్కుకుంది. మొద్దు దిగింది. షెడ్డులో ఎండాకాలంలో విన్నదే, అలాంటిదే ఒక చప్పుడు.

ఇనుప వేళ్లు రెండూ చితికి వంగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. స్టోర్ కిటికీలోంచి ఎల్లేశం ఆ వేళ్లను చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, లోపలికి తిరిగిపోయాడు.

"సాలు సాలు" అన్నాడు రామ్మోహనరావు. "ఇంజనీర్ సాబ్, వాళ్లొచ్చేదాక టైముంది మీకు. అప్పటికీ గిట్లనే ఉంటే దీన్ని పాతసామాన్ల కొట్టుకు పంపిస్త. ఐలయ్యా, నువ్వు పోయి ప్రెస్ మీద కూర్చో."

బుల్లిబాబు వంగిన వేళ్లు విప్పుకొని సరిచేయడానికి పోయాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఆయనకూ అంతు పట్టలేదు. ఐలయ్య పోయి ప్రెస్ ముందు కూర్చున్నాడు. ఇప్పుడు చెమట తుడుచుకుంటే అందరూ చూస్తారు, నవ్వుతారు. తుడుచుకోకుండానే తొక్కాలని పళ్లు బిగించాడు. బిళ్ల పెట్టాడు. చెయ్యి వెనక్కి తీశాడు. కాలు కదల్లేదు. ఎంత తొక్కుదామనుకున్నా కాలు పెడలు మీద చచ్చుబడినట్టు పడి ఉంది. సిగ్గు విడిచి చెయ్యి నుదుటిదాకా ఎత్తాడు. కాలు దానంతటదే తొక్కింది.

ఇంకోసారి చేసి చూశాడు. చెయ్యి నుదుటికి చేరితేనే కాలు తొక్కుతోంది. నుదుటి మీదున్న చెయ్యి అచ్చులో ఉండదు. ఉండటానికి వీల్లేదు. కాలికి ఆ సంగతి తెలుసు. తెలియంది ఇన్నాళ్లూ ఐలయ్యకే.

అతను లేచి నేరుగా బుల్లిబాబు దగ్గరికి నడిచాడు. అంతలోనే సగం దారిలో ఆగాడు. ఈ సంగతి చెప్పాలంటే అది చెమట కాదని చెప్పాలి. చుట్టూ జనం. చెప్పకపోతే ఇనుప చెయ్యి పాతసామాన్ల కొట్టుకు పోతుంది, తన చెయ్యి మళ్లీ అచ్చులోకి పోతుంది. ఎల్లమ్మను తలచుకొని, మిగిలిన సగం దారీ నడిచాడు.

"సార్, గది చెమట గాదు. నాకు భయం" అన్నాడు, తను అనుకున్నదానికంటే గట్టిగా. "ఎల్లేశమన్న చెయ్యి వోయినప్పటిసంది భయం. ప్రతి బిళ్లకు మొక్కుత. మొక్కినంకనే తొక్కుత. మొక్కేటప్పుడు చెయ్యి బయట ఉంటది సార్. మనం దాని మొక్కు తీసేసినం. గది బయటికి రాకముందే తొక్కింది."

బుల్లిబాబు చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. "అయ్య బాబోయ్! వెనక్కి రమ్మని చెప్పాం గానీ, వచ్చేదాకా ఆగమని చెప్పలేదండి. గాలి నిండి చెయ్యి కదలడానికి టైం పడుతుంది. నాకూ తట్టలేదు." గబగబా డోలు దగ్గరికి పోయాడు. "ఏముందండీ, మధ్యలో ఖాళీ వరుసలు వదిలేద్దాం. చీల లేకపోతే డోలు తిరుగుతుంటుంది, చెయ్యి ఊరికే నిలబడుతుంది. మొక్కక్కర్లేదు, మీకూ ఇబ్బంది ఉండదు."

ఐలయ్యకు అది బాగానే తోచింది. భయాన్ని రోజూ అందరి ముందూ ఆడి చూపించక్కర్లేని ఏర్పాటు. సరేననబోయాడు.

"ఒద్దు" అన్నాడు ఎల్లేశం. ఎప్పుడొచ్చాడో వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఊకె నిలబడితే చెయ్యి లోపలున్నదో, బయటున్నదో దూరం కెల్లి ఎవనికెరుక? మొక్కనియ్యి. చెయ్యి పైకి లేస్తే షెడ్డు ఆ కొసన ఉన్నోనికి గూడ కానొస్తది, బయటికొచ్చిందని." ఆగి, ఐలయ్య భుజం మీద తన మూడు వేళ్లూ వేశాడు. "గా దినం నేను గూడ ఒక్క మొక్కు మొక్కుంటే వేళ్లు దక్కుతుండె. ఇంతమంది నవ్వినా మంచిగుంటుండె."

క్యాంటీన్‌కు పోయేవాళ్లు ఆగి విన్నారు. మొక్కు చీలల్ని ఐలయ్య తన చేతులతోనే తిరిగి దిగ్గొట్టాడు. వాటికి అటూ ఇటూ ఖాళీ వరుసలూ వదిలాడు. ఎన్ని వదలాలో తేలేదాకా తిప్పుతూ, ఆపుతూ, చీలలు పీకుతూ, పెడుతూ గోళ్లు ఊడబెరుక్కున్నాడు. బిళ్ల లేకుండా ఆడించాడు, ప్రెస్ లేకుండా ఆడించాడు, చివరికి రెండింటితో ఆడించాడు. చెయ్యి మొక్కింది, తొక్కింది, బతికింది.

కంపెనీ పెద్దలు వచ్చే పొద్దున రామ్మోహనరావుకు కొత్త బెంగ పట్టుకుంది. "గా నాటకం తీసెయ్యి ఐలయ్యా. వచ్చేది పెద్దమనుషులు. మిషన్ మొక్కుడేంది? టైము గూడ దండగ."

మామూలు రోజుల్లో అయితే ఐలయ్య తల గోక్కుంటూ "అట్లనే సాబ్" అనేవాడు. ఆ రోజు డోలుకు అడ్డంగా నిలబడ్డాడు. "తీస్తే దాని వేళ్లు ఇరుగుతయి సాబ్. మొన్న సూసిండ్రు గద. తియ్యాల్నంటే మీరే తియ్యుండ్రి. నేనైతే తియ్య."

రామ్మోహనరావు నోరు తెరిచాడు. అంతలో బయట కారు ఆగింది.

ముందుగా దిగిన పెద్దాయన పేరు వెంకటరామయ్య. పంచె, కోటు, గంధం బొట్టు, పరమ మర్యాదస్తుడు. షెడ్డులోకి రాగానే ఇనుప చేతికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఐలయ్య గాలి వదిలాడు. చెయ్యి బిళ్ల పెట్టింది, వెనక్కి వచ్చింది, వేళ్లు పైకెత్తి మొక్కింది.

వెంకటరామయ్య గబుక్కున రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ, నమస్కారం" అన్నాడు.

దభీమని పళ్లెం పడింది. చెయ్యి ఇంకో బిళ్ల పెట్టి మళ్లీ మొక్కింది. ఆయన మళ్లీ చేతులు జోడించాడు. మూడోసారి కూడా చేతులు సగం లేచాకగానీ తను ఎవరికి ప్రతి నమస్కారం చేస్తున్నాడో ఆయనకు తెలిసిరాలేదు. చేతుల్ని ఏంచేయాలో తోచక కోటు గుండీలు సవరించుకున్నాడు. రామ్మోహనరావు పైకప్పు రేకుల్ని లెక్కపెడుతున్నాడు. నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎంత మర్యాదండీ! యంత్రానికి ఇంత మర్యాద ఎవరు నేర్పారండీ?" అన్నాడు చివరికి.

అందరూ ఐలయ్య వైపు చూశారు. అతను ఒక అడుగు ముందుకేశాడు. "నేనే సార్. మర్యాద గాదు సార్, భయం. చెయ్యి బయటికొచ్చిందని తెల్సేదాక తొక్కొద్దని."

వెంకటరామయ్య ఆ చేతిని చూశాడు, ఐలయ్య పది వేళ్లనూ చూశాడు, ఆ వెనకున్న ఎల్లేశం మూడు వేళ్ల చేతినీ చూశాడు. వెళ్లేముందు కారెక్కుతూ, "ఆ మొక్కు మాత్రం తీయించకండి" అని రామ్మోహనరావుతో అన్నాడు.

ఆర్డర్ వచ్చింది. ఇనుప చెయ్యి నిలబడింది. దాని డోలుకు చీలలు పెట్టడం ఐలయ్య పని అయింది. కొత్త అచ్చు వచ్చినప్పుడల్లా కొత్త వరుసలు సర్దాలి కదా. అతని చెయ్యి మళ్లీ ఆ మొద్దు కిందికి పోలేదు. పక్క ప్రెస్‌లవాళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే, బిళ్ల పెట్టాక ఒకసారి నుదురు తుడుచుకోవడం మొదలుపెట్టారు. చలికాలంలో చెమటేమిటని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆర్డర్ వచ్చిన రాత్రి సత్తెమ్మ అన్నం పెట్టింది. ఐలయ్య ముద్ద కలిపాడు, ఎత్తాడు, నోటి దగ్గరికి తెచ్చి నుదుటిదాకా పోనిచ్చాడు. అలవాటు ఊరికే పోతుందా? మెతుకులు కనుబొమ్మలకు అంటుకున్నాయి.

"ఇగ ఎవ్వరికి మొక్కుతున్నవయ్యా?" అంది సత్తెమ్మ.

ఐలయ్య కనుబొమ్మ తుడుచుకుంటూ చెయ్యి చూసుకున్నాడు. అది వణకడం లేదు. సత్తెమ్మ కూడా అదే చూస్తోంది.

"నీ పచ్చిపులుసుకు" అన్నాడు.